నరం మూసుకుందా, చిట్లిందా? రక్తపు చుక్కలో జవాబు వెదికిన డాక్టరు



పక్షవాతం వచ్చిన మనిషిని క్యాజువాలిటీకి తీసుకొచ్చిన కుటుంబాల వారు తరచు అడిగే మాట ఒకటుంది. "స్కానింగు ఎందుకండీ, రక్త పరీక్ష చేస్తే తెలిసిపోదా?" అని. ఇది తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. ఛాతీ నొప్పితో వచ్చిన వారికి ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష చేసి గుండెపోటు అవునో కాదో చెబుతున్నాం. డెంగీకి రక్తమే చూస్తున్నాం, షుగరుకు రక్తమే చూస్తున్నాం. మరి మెదడుకు మాత్రం ఎందుకు కుదరదు? ఈ ఒక్క ప్రశ్న మీద ఎందరో పరిశోధకులు ఏళ్ళకు ఏళ్ళు పనిచేశారు. వారిలో ఒకరి గురించీ, ఆయన పని వల్ల మన ఊళ్ళ వాళ్ళకు ఒరిగేదేమిటన్న దాని గురించీ నా అభిప్రాయం ఈ సంచికలో రాస్తున్నాను.

ఆయన పేరు క్రిస్టియన్ ఫెర్ష్. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో, గోథే విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో నరాల వైద్యుడిగా చాలా కాలం పనిచేశారు. తరువాత లుడ్విగ్స్‌బర్గ్ ఆసుపత్రికి మారారు. ఇరవై ఏళ్ళుగా ఆయన పరిశోధనలో ఎక్కువ భాగం ఒక్క దాని చుట్టూనే తిరిగింది: పక్షవాతం వచ్చిన వారి రక్తంలో కనిపించే గుర్తు. కాలేజీ చదువుకున్న పిల్లలు దీన్నే బయోమార్కర్ అంటారు. ఆయన కొత్త మందు కనిపెట్టలేదు, కొత్త ఆపరేషనూ కనిపెట్టలేదు. అయినా ఈయన పని పెద్ద పట్నాల వాళ్ళకంటే మన వంటి చిన్న ఊళ్ళ వాళ్ళకే ఎక్కువ అవసరమని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ముందు పక్షవాతంలోని రెండు రకాల సంగతి చెప్పుకోవాలి.

పైకి ఒకటే, లోపల రెండు

మూతి పక్కకు లాగడం, మాట ముద్దగా రావడం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం. ఈ లక్షణాలు మీకు తెలిసినవే. పైకి ఇలా ఒకే రకంగా కనిపించే జబ్బు లోపల రెండు రకాలుగా వస్తుంది. మొదటిది, మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడటం. కాలువలో మట్టిపెళ్ళ అడ్డుపడితే కింద మడి ఎండిపోయినట్టు, ఆ నాళం కింద ఉన్న మెదడు భాగం రక్తం అందక చచ్చిపోతుంది. రెండోది, నాళమే చిట్లి మెదడు లోపల రక్తం కారడం. ఇది గట్టు తెగి మడి మునగడం లాంటిది. మొదటి రకమే ఎక్కువ మందికి వస్తుంది. రెండో రకం తక్కువ మందికి వచ్చినా ప్రాణం తీయడంలో అదే ముందుంటుంది. (మన వాళ్ళు రెంటినీ కలిపి "నరం దెబ్బతింది" అంటారు. నిజానికి దెబ్బతిన్నది రక్తనాళం. ఈ ఒక్క మాట సరిచేయడానికే ఓపీలో నాకు సగం సమయం పోతుంది.)

మంచం పక్కన నిలబడి చూస్తే ఈ రెంటికీ తేడా నమ్మకంగా చెప్పలేం. తలనొప్పీ వాంతులూ ఉంటే, స్పృహ తప్పితే, బి.పి. బాగా పెరిగితే రక్తం కారిందని అనుమానిస్తాం. స్కానింగు అందని దేశాల డాక్టర్లు ఇలాంటి లక్షణాలకు మార్కులు వేసి లెక్క కట్టే పద్ధతులు తయారు చేసుకున్నారు. బ్యాంకాక్‌లోని సిరిరాజ్ ఆసుపత్రి వారు 1991లో ప్రకటించిన పద్ధతి అందులో పేరున్నది. మంచి ప్రయత్నమే. కానీ ఆ మార్కులను నమ్మి మందు ఇచ్చేంత గట్టి ఆధారం అది కాలేదు. ఇవాళ్టికీ తేల్చి చెప్పేది సి.టి. స్కానే. తాజాగా కారిన రక్తం అందులో తెల్లగా కనబడుతుంది.

తేల్చడం ఎందుకంత ముఖ్యం? ఒకదానికి మందు అయినది ఇంకొకదానికి విషం కావచ్చు గనుక. గడ్డను కరిగించే ఇంజెక్షన్ పక్షవాతంలో పనిచేస్తుందని 1995లో అమెరికాలో 624 మంది మీద జరిగిన పరీక్షలో రుజువైంది. మొదటి మూడు గంటల లోపల ఇస్తే, మూడు నెలల తరువాత తమ పనులు తాము చేసుకోగలిగిన వారి సంఖ్య పెరిగింది. 2008లో వచ్చిన ఐరోపా ఫలితాలతో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. కానీ మొదటి పరీక్షలోనే, ముందే స్కాన్ తీసి రక్తస్రావం లేదని చూసుకున్న వారిలో కూడా, ఇంజెక్షన్ తీసుకున్న వారిలో నూటికి ఆరుగురికి పైగా మెదడులో రక్తం కారి పరిస్థితి విషమించింది. తీసుకోని వారిలో అది నూటికి ఒకరి కంటే తక్కువ. ఇక అప్పటికే రక్తం కారుతున్న మనిషికి ఆ ఇంజెక్షన్ ఇస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు.

ఇంజెక్షన్ సంగతి డాక్టర్లకు వదిలేద్దాం. మన ఇళ్ళలో జరిగేది చూడండి. మూతి వంకర పోగానే వీధి చివర ఆర్.ఎమ్.పి. డాక్టరును పిలుస్తారు. ఆయన బి.పి. చూస్తాడు, రెండు వందలు దాటి ఉంటుంది. నాలుక కింద ఒక బిళ్ళ పెడతాడు. బి.పి. దిగుతుంది, ఇంట్లో వాళ్ళకు ధైర్యం వస్తుంది. ఆసుపత్రికి పొద్దున వెళ్దాంలే అనుకుంటారు.

ఆ బిళ్ళ మేలు చేసిందా, కీడు చేసిందా? దీనికి మంచి జవాబు 2024లో చైనా నుండి వచ్చింది. అక్కడ 2404 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి అంబులెన్స్‌లోనే బి.పి. దించే ఇంజెక్షన్ ఇచ్చారు, రెండో వర్గానికి ఆసుపత్రికి చేరిన తరువాతే చూసుకున్నారు. అందరినీ కలిపి చూస్తే తేడా ఏమీ లేదు. విడదీసి చూస్తే అసలు విషయం బయటపడింది. రక్తం కారిన వారికి వెంటనే బి.పి. దించడం మేలు చేసింది. గడ్డ అడ్డుపడిన వారికి అదే పని చేటు చేసింది. మేలూ చేటూ ఒకదానితో ఒకటి చెల్లుకుని మొత్తం మీద సున్నా అయ్యింది. అంబులెన్స్‌లో ఉన్న వారికి ఏ రోగి ఏ రకమో తెలిసే దారి లేకపోయింది. నాలుక కింద బిళ్ళ పెట్టే వారికీ, ఆస్పిరిన్ మింగించే వారికీ తెలియనిది కూడా అదే. సి.టి. లేని చోట రకం తేల్చే రక్త పరీక్ష ఒకటి ఉంటే ఎంత బాగుండునో ఈ చైనా లెక్క చూస్తే తెలుస్తుంది.

గుండెకు దొరికిన గుర్తు మెదడుకు ఎందుకు దొరకలేదు

గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ సూటిగా రక్తంలోకి వస్తుంది. మెదడు సంగతి అలా కాదు. మెదడుకూ రక్తానికీ మధ్య సన్నని అడ్డుగోడ లాంటి ఏర్పాటు ఉంది. కంటికి కనబడని క్రిములూ విషాలూ లోపలికి పోకుండా అది కాపాడుతుంది. అదే గోడ లోపలి పదార్థాలను తొందరగా బయటికి రానివ్వదు. పైగా మెదడులో చిన్న గింజంత భాగం పోయినా మనిషి మాట పడిపోవచ్చు. అంత చిన్న దెబ్బ నుంచి రక్తంలోకి వచ్చేది ఎంత ఉంటుంది?

అందుకని చాలా మంది ఒక గుర్తు చాలకపోతే నాలుగు కలిపి చూద్దాం అనుకున్నారు. ఆ ఆలోచనకు పెద్ద పరీక్ష అమెరికాలో జరిగింది. పక్షవాతమేమో అన్న అనుమానంతో పదిహేడు ఆసుపత్రులకు వచ్చిన 1146 మంది రక్తంలో నాలుగు పదార్థాలను కొలిచి, లెక్క కట్టి, ఇది పక్షవాతం అవునా కాదా అని అడిగారు. ఫలితాలు 2009లో వచ్చాయి. పక్షవాతం ఉన్న వారిలో నూటికి ఎనభై ఆరుగురిని పట్టుకునేలా హద్దు పెడితే, పక్షవాతం లేని వారిలో నూటికి ముప్పై ఏడుగురిని మాత్రమే అది సరిగా వదిలిపెట్టగలిగింది. అంటే లేని వారిలో ముగ్గురికి ఇద్దరి దాకా ఉందేమో అని చూపించింది. అలాంటి పరీక్షను నమ్మి ఏ డాక్టరూ చికిత్స మొదలుపెట్టలేడు.

ఫెర్ష్ కూడా మొదట చేపట్టింది అప్పటికే అందరూ చూస్తున్న ఎస్100బి అనే ప్రోటీన్‌నే. (ఈ వింత పేరు వెనుక సంగతి ఏమిటంటే, 1965లో దీన్ని పశువు మెదడు నుంచి వేరు చేసినప్పుడు, అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం నూటికి నూరు పాళ్ళు చిక్కబడినా ఇది అడుగుకు దిగకుండా కరిగే ఉందట. అందుకని నూరు.) మెదడుకు పోయే పెద్ద నాళం మూసుకుపోయిన కొందరిలో రెండు మూడు రోజుల్లో మెదడు విపరీతంగా వాచి ప్రాణం మీదికి వస్తుంది. అది ఎవరికి వస్తుందో ముందే చెప్పగలిగితే పుర్రె ఎముక తీసే ఆపరేషన్‌కు సిద్ధపడవచ్చు. ఫెర్ష్ బృందం అలాంటి నాళం మూసుకున్న 51 మందిని గమనించి, ఇరవై నాలుగు గంటలకు ఎస్100బి బాగా పెరిగిన వారికే ఆ ముప్పు ఎక్కువని 2004లో ప్రకటించింది. పనికొచ్చే విషయమే. కానీ ఇరవై నాలుగు గంటల తరువాత తెలిసేది అంబులెన్స్‌లో పనికిరాదు. ఇంకో చిక్కు, ఎస్100బి ఒక్క మెదడులోనే ఉండదు. కొవ్వులో ఉంటుంది, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో కూడా పెరుగుతుంది.

తరువాత ఆయన చూపు జి.ఎఫ్.ఎ.పి. అనే ఇంకో ప్రోటీన్ మీద పడింది. మెదడులో ఆలోచనలు మోసే నాడీ కణాలకు అండగా నక్షత్రాల ఆకారంలో ఉండే కణాలు ఉంటాయి. ఆ కణాల లోపలి వాసాలూ దూలాల వంటిది ఈ ప్రోటీన్. అమెరికాలో లారెన్స్ ఎంగ్ అనే శాస్త్రవేత్త ఇంకో మెదడు జబ్బుతో చనిపోయిన వారి మెదళ్ళ నుంచి దీన్ని వేరు చేసి 1970ల మొదట్లో వివరించారు. అంటే పాతికేళ్ళకు పైగా ఇది పుస్తకాల్లో ఉన్నదే.

ఇక్కడ ఫెర్ష్ చేసిన ఆలోచన నాకు చాలా నచ్చింది. నాళం చిట్లినప్పుడు రక్తం ఒత్తిడితో దూసుకొచ్చి చుట్టూ ఉన్న కణాలను ఒక్కసారిగా చీల్చేస్తుంది. కాబట్టి లోపలి ప్రోటీన్ వెంటనే రక్తంలోకి రావాలి. గడ్డ అడ్డుపడినప్పుడు కణాలు వెంటనే పగలవు. ఊపిరాడక కొన్ని గంటలపాటు కొట్టుకుని, తరువాత విచ్చిపోతాయి. కాబట్టి మొదటి కొన్ని గంటల్లో ఆ ప్రోటీన్ రక్తంలో ఉండకూడదు. అంటే తొలి గంటల్లో రక్తంలో జి.ఎఫ్.ఎ.పి. కనబడితే చిట్లినట్టు, కనబడకపోతే మూసుకున్నట్టు. గోడ కూలడానికీ చెద పట్టడానికీ ఉన్న తేడాను గడియారంతో కొలవడం అన్నమాట.

ఆ ఆలోచనను పరీక్షించిన ఫలితం 2006లో అచ్చయింది. జబ్బు మొదలైన ఆరు గంటల లోపల వచ్చిన 135 మంది రక్తం తీశారు. స్కాన్ ప్రకారం అందులో 42 మందికి రక్తం కారింది, 93 మందికి గడ్డ అడ్డుపడింది. రక్తం కారిన 42 మందిలో 34 మందికి ఆ ప్రోటీన్ కనబడింది. గడ్డ ఉన్న 93 మందిలో అయిదుగురికే కనబడింది. ఒక్క ఆసుపత్రి ఫలితాన్ని నమ్మి ఊరుకోకుండా తరువాత జర్మనీ, స్విట్జర్లాండు దేశాల్లోని 14 కేంద్రాల్లో మళ్ళీ చేశారు. ఈసారి గడువు నాలుగున్నర గంటలు, రోగులు 205 మంది. 2012లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం రక్తం కారిన వారిలో నూటికి 84 మందిని పరీక్ష పట్టుకుంది, కారని వారిలో నూటికి 96 మందిని సరిగా వదిలింది.

ఈ అంకెలను పైన చెప్పిన నాలుగు పదార్థాల పరీక్ష అంకెల పక్కన పెట్టి చూడండి. ఫెర్ష్ దగ్గర అమెరికా వారికంటే గొప్ప యంత్రాలు ఉన్నాయని కాదు. వాళ్ళు "ఇది పక్షవాతమా?" అని అడిగారు. ఈయన "పక్షవాతం అని చూడగానే తెలుస్తున్న మనిషిలో, ఈ మొదటి గంటల్లో, రక్తం కారుతోందా?" అని అడిగారు. ప్రశ్న చిన్నదయ్యేసరికి జవాబు దొరికే వీలు కలిగింది. మనం పరిశోధన అంటే ఎప్పుడూ పెద్ద ప్రశ్నకు పెద్ద జవాబు అనుకుంటాం. పిల్లలకు సైన్సు పాఠాలు కూడా అలాగే చెబుతాం. ఒక మనిషి తన పనిలో సగ భాగం ప్రశ్నను కత్తిరించుకోవడానికే ఖర్చు పెట్టాడంటే అది ఓటమిలా కనబడుతుంది. నేను అలా అనుకోను. ఈ రంగంలో రోగి మంచం దాకా వచ్చే అవకాశం ఉన్నవి అలా కత్తిరించుకున్న ప్రశ్నలేనని నా అభిప్రాయం.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ 205 మంది ఎవరు? అంతకు ముందు గంట వరకు భోజనం చేస్తూనో, బజారులో నడుస్తూనో ఉన్న మనుషులు. చెయ్యి పడిపోయి, మాట పోయి ఆసుపత్రికి వచ్చిన ఆ గంటలో, తమకు ఏమాత్రం ఉపయోగం లేని ఒక గొట్టం రక్తం వారి నుంచి తీసుకున్నారు. ఆ ఫలితం వారి చికిత్సను మార్చలేదు, మార్చకూడదు కూడా. వారు ఇచ్చింది తరువాత వచ్చే వారి కోసం. మన దగ్గర పరిశోధన అనగానే "మా మీద ప్రయోగాలు చేస్తారా?" అనే భయం ఉంది. ఆ భయానికి కారణాలు లేకపోలేదు. మనవారి మీద సరైన అనుమతి లేకుండా పరీక్షలు జరిగాయన్న ఆరోపణలు మన దేశంలో వచ్చాయి. కనుక ఎవరైనా అడిగితే కాగితం తెలుగులో ఇమ్మనండి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని అడగండి, వద్దంటే చికిత్స ఆగుతుందా అని అడగండి. ఆగకూడదు. ఈ జవాబులు సరిగా ఉంటే మాత్రం ఆ రెండు చెంచాల రక్తం ఇవ్వమనే నేను చెబుతాను. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర సంస్థ, హైదరాబాదు నిమ్స్ కలిసి మన ప్రాంతపు రోగుల్లో పక్షవాతానికి సంబంధించిన జన్యువులను పరిశీలించి 2009లో ప్రకటించగలిగాయంటే, అలా రక్తం ఇచ్చిన తెలుగు కుటుంబాల వల్లనే.

మన దగ్గరకు వస్తే

2012 నాటి పరీక్షకు ఒక పెద్ద లోపం ఉంది. ల్యాబులో గంటల తరబడి చేయాలి. స్కాన్ తీస్తే పది నిమిషాల్లో తెలిసేదానికి అంతసేపు ఎవరు కూర్చుంటారు? ఈ చిక్కు విప్పింది వేరే దారిలో వచ్చిన యంత్రం. తలకు దెబ్బ తగిలిన వారికి స్కాన్ అవసరమా లేదా అని చూడటానికి ఇదే ప్రోటీన్‌ను ఇంకో దానితో కలిపి కొలిచే చేతి యంత్రాన్ని అబాట్ కంపెనీ తయారు చేసింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో దానికి అనుమతి ఇచ్చింది. అప్పుడు రక్తాన్ని వడకట్టినట్టు తిప్పి పైతేట తీసి వాడవలసి వచ్చేది. 2024లో రక్తాన్ని ఉన్నదున్నట్టు వాడే రకానికీ అనుమతి వచ్చింది. పదిహేను నిమిషాల్లో ఫలితం. గమనించండి, ఈ అనుమతి తలదెబ్బకు, పక్షవాతానికి కాదు. కానీ యంత్రం చేతికి రాగానే ఫెర్ష్ బృందం లుడ్విగ్స్‌బర్గ్ ప్రాంతంలో అంబులెన్స్‌లో తీసిన రక్తంతో పక్షవాతంలో దాన్ని పరీక్షించడం మొదలుపెట్టింది. రక్తం కారిన వారికీ గడ్డ ఉన్నవారికీ తేడా అక్కడ కూడా స్పష్టంగానే కనబడింది.

జర్మనీ వారికి ఇంకో మార్గం కూడా ఉంది. స్కాన్ యంత్రాన్నే అంబులెన్స్‌లో ఎక్కించి ఇంటి ముందుకు తీసుకుపోవడం. హోంబర్గ్ పట్టణంలో క్లాస్ ఫాస్‌బెండర్ అనే వైద్యుడు దీన్ని మొదలుపెట్టారు. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం, ఫోన్ వచ్చిన దగ్గరి నుంచి ఏ చికిత్స ఇవ్వాలో తేల్చడానికి పట్టే సమయం 76 నిమిషాల నుంచి 35 నిమిషాలకు తగ్గింది. మన దేశంలో అస్సాంలో భారత వైద్య పరిశోధన మండలి ఇలాంటి బండిని నడిపింది. అందులో తేజ్‌పూర్‌లోని బాప్టిస్ట్ క్రిస్టియన్ ఆసుపత్రి కూడా పాలుపంచుకుంది. అది మన వంటి మిషన్ ఆసుపత్రే కనుక ఈ సంగతి చదివినప్పుడు నాకు సంతోషమైంది. కానీ ప్రతి మండలానికీ స్కాన్ బండి వస్తుందని నేను అనుకోను. ఖర్చు ఒకటి, డ్రైవరుతో సహా తర్ఫీదు పొందిన మనుషులు ఒకటి, మన రోడ్లు ఒకటి. చేతిలో పట్టే యంత్రం 108 బండిలో పట్టడం దానికంటే జరిగే పని. అందుకే ఈ పరీక్షను జర్మనీలో కంటే మన దగ్గర, స్కాన్‌కు యాభై అరవై కిలోమీటర్లు పోవలసిన చోట్ల పరీక్షించి చూడాలని నేను గట్టిగా అంటున్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆ యంత్రం కొన్ని నిమిషాలు ఆదా చేస్తుంది. ఏజెన్సీ ప్రాంతంలో అది రోగిని ఏ ఊరికి తీసుకుపోవాలో, బి.పి. దించాలో ఊరుకోవాలో చెప్పవచ్చు.

"చెప్పవచ్చు" అని మాత్రమే అంటున్నాను. లోపాలు ఉన్నాయి. చిన్న రక్తస్రావాన్ని అది కనిపెట్టలేకపోవచ్చు. 2012 ఫలితంలోనే రక్తం కారిన ఆరుగురిలో ఒకరు తప్పిపోయారు. అలాంటి వారికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే ఏం కావాలి? కాబట్టి ఆ ఇంజెక్షన్‌కు స్కాన్ తప్పదు, ఇప్పట్లో తప్పదు. వయసు పెరిగే కొద్దీ ఈ ప్రోటీన్ మామూలుగానే కొంత పెరుగుతుంది. మెదడులో కొన్ని రకాల కణుతులు ఉన్నా పెరుగుతుంది, ఆ సంగతి 2007లో ఫ్రాంక్‌ఫర్ట్ బృందమే చెప్పింది. మన వారిలో చిన్న వయసులోనే, మందులు సరిగా వాడని బి.పి. వల్ల రక్తం కారే వారు ఎక్కువ. జర్మనీ ముసలివారికి పెట్టిన హద్దు మన నలభై అయిదేళ్ళ ఆటో డ్రైవరుకు సరిపోతుందో లేదో ఇక్కడే కొలిచి చూడాలి. క్యాట్రిడ్జి ధర మాట సరేసరి.

ఈ లోపల ఒక హెచ్చరిక. పట్నాల్లో కొన్ని ల్యాబులు "స్ట్రోక్ ప్యాకేజీ" పేరుతో నాలుగైదు రక్త పరీక్షలు కలిపి అమ్ముతున్నాయి. కొలెస్ట్రాలు, షుగరు వంటివి అందులో ఉంటే మంచిదే. కానీ అవి ముందు ముందు వచ్చే ముప్పును గురించిన అంచనాలు. పక్షవాతం వచ్చిందా, ఏ రకం వచ్చింది అన్నది వాటిలో ఏదీ చెప్పదు. "నిరుడు ప్యాకేజీ చేయించాను, అంతా నార్మల్" అని, చెయ్యి తిమ్మిరెక్కినా ఇంట్లో కూర్చునే వారిని చూస్తే బాధ వేస్తుంది. ఆ డబ్బుతో ఇంటికి ఒక బి.పి. మిషను కొనుక్కుని, నెల నెలా బిళ్ళలు మానకుండా వాడితే వెయ్యి రెట్లు ఉపయోగం.

రక్తపు చుక్కతో ఇవాళే తెలిసేది ఒకటి మాత్రం ఉంది. షుగరు బిళ్ళలో, ఇన్సులినో వాడే వారికి షుగరు బాగా పడిపోతే అచ్చం పక్షవాతంలాగే మాట పోతుంది, ఒక పక్క చెయ్యి పడిపోతుంది. వేలి చివర సూది గుచ్చి చూసే చిన్న మిషనులో అది నిమిషంలో తెలుస్తుంది. గ్లూకోజు ఎక్కించగానే చాలామంది కోలుకుంటారు. అందుకే ఏ ఆసుపత్రిలో అయినా పక్షవాతం అనగానే మేము మొట్టమొదట చూసేది షుగరే. ఇంట్లో మిషను ఉంటే మీరూ చూడండి, ఆ అంకె రాసి తీసుకురండి. దాని కోసం వెదుకుతూ మాత్రం ఆగవద్దు.

చివరగా, ఫెర్ష్ ఆలోచనలో ఉన్న గడియారం సంగతి మరొక్కసారి. గడ్డ అడ్డుపడిన వారిలో కూడా కొన్ని గంటలు గడిచేసరికి కణాలు విచ్చిపోయి అదే ప్రోటీన్ రక్తంలోకి వచ్చేస్తుంది. రెండో రోజుకూ మూడో రోజుకూ బాగా పెరుగుతుంది. అప్పుడు చిట్లినా మూసుకున్నా యంత్రం ఒకే రకమైన అంకె చూపిస్తుంది. అంటే రేపు ఈ పరీక్ష మన 108 బండిలోకి వచ్చినా, పసరు మందు పోయించుకుని, ఒక రాత్రి చూసి, తెల్లవారి బయలుదేరిన వారికి అది ఏమీ చెప్పలేదు. అందుకని డ్యూటీలో ఉన్న సిస్టర్ మిమ్మల్ని మొదట అడిగేది "ఎప్పుడు మొదలైంది?" అని. నిద్రలో వస్తే, చివరిసారి ఆ మనిషి మామూలుగా మాట్లాడటం ఎవరు విన్నారు, ఎన్ని గంటలకు విన్నారు అని. ఆ టైము ఒక చీటీ మీద రాసి, ఆయన వాడే బిళ్ళల అట్టలతో పాటు తీసుకురండి. రక్తం పలచబడే బిళ్ళలు వాడుతుంటే ఆ మాట ముందే చెప్పండి. దారిలో మంచినీళ్ళు కూడా పట్టవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.